బొటనవేలితో రుద్ది చూడు

కర్నూలు,
ఆదివారం ఉదయం

చిరంజీవి మనవరాలికి అవ్వ ఆశీస్సులు.

రబ్బరు స్టాంపులతో నువ్వు చేసి పంపిన ఉగాది కార్డు చేరింది. కవరు విప్పి బయటికి తీయగానే నా బొటనవేలు సరిగ్గా మామిడాకు మీద పడింది. పచ్చరంగు వేలికి అంటుకుని, అక్కడి నుంచి ‘శుభాకాంక్షలు’ దాకా సాగింది. అనంతపురం నుంచి ఇక్కడికి నాలుగు రోజులు ప్రయాణం చేసినా ఇంకు ఆరలేదు. అది నీ చేతి తప్పు కాదు. నిగనిగలాడే ఆర్ట్ పేపరు మీద పిగ్మెంట్ ఇంకు వేశావు, ఆ రెండింటికీ ఎన్నాళ్లయినా పొత్తు కుదరదు. బొమ్మ మాత్రం ఎంతో బాగుంది. కుండ మూతి వంపు చూసి చాలాసేపు ముచ్చటపడ్డాను.

దీపావళికి నలభై కార్డులు చేసిమ్మని నీ స్నేహితురాలి ఆఫీసువాళ్లు అడిగారని మీ అమ్మ చెప్పింది. ఒక కార్డులో పొరపాటు జరిగితే అవ్వ సర్దుకుంటుంది. డబ్బిచ్చి కొన్నవాళ్ల చేతికి రంగు అంటితే మళ్లీ అడగరు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. పని చేసేటప్పుడు పక్కన పెట్టుకుని చూసుకుంటావని రాస్తున్నాను.

మీ తాత కోర్టు దగ్గర రబ్బరు స్టాంపుల దుకాణం నడిపిన రోజుల్లో సగం పని నా చేతుల మీదుగానే సాగింది. సీసపు అక్షరాలను కుడి ఎడమలు తిరగేసి పేర్చేదాన్ని. ఆ పేర్పు మీద వేడి ప్రెస్సులో అట్టతో అచ్చు తీసి, ఆ అచ్చులో పచ్చి రబ్బరు పరిచి మళ్లీ వేడి మీద నొక్కితే, గంధకం కలిసిన ఆ రబ్బరు గట్టిపడి అక్షరం నిలిచేది. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా చీరకు గంధకం వాసన ఉండేది. సర్పంచుల ముద్రలు, నోటరీల ముద్రలు, బళ్ల ముద్రలు ఎన్ని వేసి చూశామో లెక్క లేదు. నీకు చెప్పబోయేదంతా అక్కడ నేర్చుకున్నదే. పొడులు, రంగుల మెళకువలు మాత్రం తర్వాత నేను సరదా కొద్దీ పట్టుకున్నవి.

అన్నిటికంటే ముందు ఇంకు సంగతి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లంతా స్టాంపుల మీద డబ్బు పోస్తారు, ఇంకు ఏది దొరికితే అది కొంటారు. నన్నడిగితే స్టాంపు ఒక్కటున్నా చాలు, ఇంకులు మూడు రకాలు ఉండాలి. డై ఇంకు కాగితంలోకి ఇంకిపోతుంది, నిమిషాల్లో ఆరుతుంది. కానీ నీళ్లు తగిలితే పారుతుంది, ఎండ తగిలే చోట పెడితే వెలిసిపోతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నని రేణువులుగా ఉండి కాగితం పైనే నిలుస్తుంది. అందుకే రంగు చిక్కగా, ముదురు కాగితం మీద కూడా కనిపిస్తుంది, తొందరగా వెలవదు. అయితే నెమ్మదిగా ఆరుతుంది, నునుపు కాగితం మీద అసలు ఆరదు. మూడోది సాల్వెంట్ ఇంకు. నునుపు కాగితం, ప్లాస్టిక్, అద్దం దేని మీదైనా పట్టుకుంటుంది. దాన్ని కిటికీ తెరిచి వాడాలి. దాన్ని కడగడానికి వేరే ద్రావకం కావాలి, అది పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులను పాడుచేస్తుంది. సాల్వెంట్ ఇంకును ఎర్ర రబ్బరు స్టాంపులకే ఉంచుకో.

ఈ తేడా నాకు పుస్తకం చెప్పలేదు, నది చెప్పింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీదికి వచ్చినప్పుడు మన పాత ఇల్లు మునిగింది. నీళ్లు తీశాక ఇనుప పెట్టె తెరిస్తే ఉత్తరాలు, శుభలేఖలు, కార్డులు అన్నీ ముద్దగా ఉన్నాయి. ఒక్కొక్కటి విడదీసి దండెం మీద ఆరేశాను. ప్రెస్సులో నల్లని అచ్చు ఇంకుతో వేసిన శుభలేఖల్లో ఒక్క అక్షరం చెదరలేదు. స్టాంపు ప్యాడ్ ఊదా ఇంకుతో వేసినవన్నీ ఊదా మరకలయ్యాయి. పెళ్లయిన కొత్తలో మీ తాత నాకోసం దుకాణంలో మల్లెపువ్వు ముద్ర ఒకటి చెక్కి, ఆ ఊదా ఇంకుతోనే అట్ట ముక్క మీద పన్నెండు పువ్వులు వేసిచ్చారు. పన్నెండూ పోయాయి. మూలన పెన్సిల్‌తో వేసిన తేదీ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఆ అట్ట ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరైనా దాచుకోవాలని ఇచ్చే కార్డు మీద డై ఇంకు వేయాలంటే నా చేయి ఆగుతుంది. పుట్టినరోజు కార్డుకు ఏదైనా ఫరవాలేదు. పెళ్లికి, మొదటి బిడ్డకు, షష్టిపూర్తికి వేసే కార్డులకు పిగ్మెంట్ ఇంకు, లేదా నీటికి చెదరదని డబ్బా మీద రాసి ఉన్న ఇంకు వాడు.

ఏ కాగితం మీద ఏ ఇంకు అన్న అనుమానం వస్తే, ఆ కాగితం ముక్క మీదే ఒక ముద్ర వేసి పది నిమిషాలాగి బొటనవేలితో గట్టిగా రుద్దు. తర్వాత తడి వేలితో రుద్దు. వెనక పెన్సిల్‌తో ఇంకు పేరు, కాగితం పేరు రాసి డబ్బాలో వేసుకో. ఏడాది తిరిగేసరికి ఆ ముక్కలే నీకు పెద్ద ఆస్తి.

కాగితం 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) మధ్య, మెరుపు లేనిది తీసుకో. ఏ4 షీటును అడ్డంగా రెండు చేసి, ఒక్కో సగాన్ని మడిస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల పొడవుతో కార్డు వస్తుంది. మడిచే ముందు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కు, మడత పగలదు. 300 జీఎస్ఎంలో ఆ కార్డు తొమ్మిది గ్రాముల పైచిలుకు తూగుతుంది. మామూలు కవరుతో కలిపి 20 గ్రాముల లోపే ఉంటుంది కాబట్టి సాధారణ ఉత్తరం ఛార్జీ సరిపోతుంది. పైన అట్ట పొరలు, పూసలు అంటిస్తే ఆ లెక్క దాటుతుంది, అలాంటివి చేతికే ఇవ్వడం మేలు.

ముద్ర వేయడంలో నీ అలవాటు ఒకటి మార్చుకోవాలి. నువ్వు స్టాంపును ప్యాడ్ మీద గుద్దుతున్నావు, తర్వాత కాగితం మీద అటూ ఇటూ ఊపుతున్నావు. కుండ చుట్టూ పడిన దొంగగీతలు చూస్తేనే తెలిసిపోయింది. ఆఫీసులో గుమాస్తా తొందరలో వేసే ముద్ర అది. పెద్ద స్టాంపును మొహం పైకి పెట్టి, ప్యాడ్‌ను చేతిలోకి తీసుకుని దాని మీద మెల్లగా తట్టు, ఇంకు సమంగా పడుతుంది. కార్డు కింద నాలుగు మడతల న్యూస్‌పేపరు వేసుకో. స్టాంపును నిటారుగా దించి, రెండో చేతి వేళ్లతో వెనక అంతటా నొక్కి, కదిలించకుండా నిటారుగానే లేపు. అంతే.

నీ కార్డులో మామిడాకులు కుండలోంచి కనిపిస్తున్నాయి, గమనించావా? ముందు ఆకులు వేసి ఆపైన కుండ వేశావు. ఇంకు కింది గీతలను కప్పలేదు. కంటికి ముందు ఉండాల్సినదాన్నే ముందు వేయాలి. కుండ ముద్ర వేసి, అదే కుండను పల్చటి కాగితం మీద ఇంకొకటి వేసి, గీత లోపలి అంచు వెంట కత్తిరించి, కార్డు మీది కుండను దానితో కప్పు. ఇప్పుడు ఆకులు దాని మీదుగానే వేసెయ్. కాగితం తీస్తే ఆకులు కుండ వెనక్కి వెళ్లిపోతాయి. మొదటిసారి అది జరిగినప్పుడు నేను చిన్నపిల్లలా సంతోషపడ్డాను.

స్టాంపులు బయట కొనడం తగ్గించు. మంచు పలుకులు, దేవదారు చెట్లు ఉన్న సెట్టు తెప్పించుకున్నావని విన్నాను. అనంతపురంలో కూర్చుని మంచు ఎందుకు తల్లీ? ఒకరోజు లేపాక్షి వెళ్లి లతా మండపం స్తంభాల ముందు కాసేపు కూర్చో. ఒక్కో స్తంభం మీద ఒక్కో తీగ, ఒక్కో పువ్వు. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడు, నగలన్నీ చిల్లులతోనే వేస్తారు. ఆ చిల్లుల వరసలు రబ్బరు మీద ఎంత ముద్దొస్తాయో. పెన్సిల్ గీతలు చెరిపే పెద్ద తెల్ల రబ్బరు చాలు. పల్చటి కాగితం మీద మెత్తని పెన్సిల్‌తో బొమ్మ గీసి, గీసిన వైపు రబ్బరు మీదికి బోర్లించి గోటితో రుద్దితే బొమ్మ తిరగబడి దిగుతుంది. అలా తిరగబడినదాన్నే చెక్కాలి, ముద్ర వేసినప్పుడు సరిగ్గా వస్తుంది. కత్తిని గీతకు బయటివైపు వాలేలా నడిపించు. అప్పుడు గీత అడుగున వెడల్పుగా, పైన సన్నగా నిలుస్తుంది. లోపలికి తొలిస్తే నాలుగు ముద్రలకే గీత ఒరిగిపోతుంది. మన అక్షరాలు గుండ్రనివి కాబట్టి ఇంకో మాట. కత్తిని కదలకుండా పట్టుకుని ఎడమచేత్తో రబ్బరును తిప్పు. ‘ల’, ‘ఠ’ దానంతటవే చుట్టుకుంటాయి.

ఇక నాకు ప్రాణమైనది. ఇటుక రంగు క్రాఫ్ట్ కాగితం మీద తెల్లని ముగ్గు. పేడనీళ్లు చల్లి అలికిన వాకిట్లో వేసినట్లే ఉంటుంది. దీపావళి కార్డులకు అదే చేయమంటాను. దీనికి తెల్లని ఎంబాసింగ్ పొడి కావాలి. వేడికి కరిగి ఉబ్బెత్తుగా మెరిసే సన్నని పొడి అది. రంగు లేని జిగురు ఇంకు ఒకటి దొరుకుతుంది, వెర్సామార్క్ అంటారు. ముందుగా పల్చటి బట్టలో టాల్కం పౌడరు మూటకట్టి కార్డంతా తట్టు. లేకపోతే ఎక్కడ వేలు పడితే అక్కడ పొడి అంటుకుంటుంది. ఆ జిగురు ఇంకుతో ముగ్గు ముద్ర వేసిన వెంటనే ఎంబాసింగ్ పొడి చల్లాలి. మన ఎండలకు ఇంకు నువ్వనుకున్న దానికంటే ముందే ఆరిపోతుంది, పది కార్డులకూ ముద్ర వేసుకుని తర్వాత పొడి చల్లుదామనుకుంటే పని చెడుతుంది. ఒక్కొక్కటే చేయి. ఫ్యాను కట్టేయి. కార్డును మడత పెట్టిన కాగితం మీదికి వంచి, వెనక నుంచి చిటికెనవేలితో ఒక్క తట్టు తడితే అదనపు పొడి రాలిపోతుంది, దాన్ని మళ్లీ సీసాలో పోసుకో. వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తే చుక్కల మధ్య దారితప్పిన గింజలు కనిపిస్తాయి. పొడి కుంచెతో వాటిని తీసెయ్.

వేడిగాలి ఊదే హీట్ గన్‌ను ముందు పక్కకు తిప్పి వేడెక్కనిచ్చి, నాలుగు వేళ్ల దూరం నుంచి ముగ్గు మీద చూపు. మొదట ఏమీ కాదు. ఆ తర్వాత ఒక మూల మొద్దుగా ఉన్న తెలుపు తడిసినట్లు మెరుస్తుంది. ఆ మెరుపు వరసగా ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు పాకుతుంది. మెరుపు వచ్చిన చోట ఇంక ఆగకు, ముందుకు జరుపు. ఎక్కువ వేడి తగిలితే పొడి కాగితంలోకి దిగిపోయి నూనె మరకలా మిగులుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రం దీనికి పనికిరాదు, వేడి చాలదు, పొడిని ఊదేస్తుంది. హీట్ గన్ కొనేదాకా కార్డును పట్టుకారుతో పట్టి, బాగా కాలిన పెనానికి కాస్త ఎత్తున, అడుగు వైపు నుంచి వేడి తగలనివ్వు. నేను రెండేళ్లు అలాగే చేశాను.

తెల్ల కాగితం మీద రంగు లేని పొడితో ఇదే ముగ్గు వేసి కరిగించి, ఆపైన స్పాంజితో డై ఇంకు రుద్దితే ఇంకో అందం. స్పాంజిని కాగితం బయట మొదలుపెట్టి గుండ్రంగా లోపలికి తీసుకురావాలి, నేరుగా మధ్యలో పెడితే మచ్చ పడుతుంది. చివర బట్టతో తుడిస్తే ముగ్గు తెల్లగా తేలుతుంది. పసుపుతో మొదలుపెట్టి అంచులకు కుంకుమ రంగు తెచ్చి చూడు.

ప్యాడ్‌లు మూత బిగించి, తలకిందులుగా పెట్టు, ఇంకు పైకి వచ్చి ఉంటుంది. పాలిమర్ స్టాంపులను ఎండపొడకు దూరంగా ఉంచు. మీ ఊళ్లో గాలికి దుమ్ము ఎక్కువ, పొడి సీసా తెరిచి పక్కకు వెళ్లకు. కవరులో పెట్టేటప్పుడు ముగ్గు మీద పల్చటి కాగితం ఒకటి కప్పు, పోస్టాఫీసులో తేదీ ముద్ర గట్టిగానే పడుతుంది.

ధర గురించి ఒక్క మాట. ఒక కార్డుకు ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకో, కాగితం, ఇంకు ఖర్చుకు ఆ సమయం కూడా కలిపే చెప్పు. సొంతవాళ్లని తగ్గించి చెబితే రెండో ఆర్డరు నాటికి నీకే విసుగొస్తుంది.

ఈ కవరులో ఒక ముగ్గు ముద్ర పెడుతున్నాను. ఏడు చుక్కలది, నేనే చెక్కాను. అంచున కొంచెం గరుకుంది, నువ్వు సరిచేసుకో. మొదటి దీపావళి కార్డు నాకు పంపు, బొటనవేలితో రుద్ది చూస్తాను.

ఆశీస్సులతో,
అవ్వ