డాక్టర్ సలహా: గొంతు సంగతి తర్వాత, ముందు మూత్రం రంగు సంగతి తేల్చండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మాది పశ్చిమ గోదావరి జిల్లా. ఆర్కెస్ట్రాలో పాడతాను, కీబోర్డు వాయిస్తాను. శివరాత్రి తిరునాళ్లతో మొదలుపెడితే శ్రీరామనవమి పందిళ్లు, అమ్మవారి జాతరలు, పెళ్లిళ్లు కలిపి జ్యేష్ఠం దాకా నెలకు 20కి పైగా ప్రోగ్రాములు ఉంటాయి. 5 వారాలుగా గొంతు బొంగురుపోయింది. రోజంతా అతిమధురం నములుతున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన చిన్న తెల్ల బిళ్ల వేసుకుంటే ఆ పూటకు గొంతు పలుకుతోంది, కానీ రాత్రి నిద్ర పట్టడం లేదు. సౌండ్ బాక్సులు మేమే దించుకుంటాం కాబట్టి పిక్కలు పట్టేస్తున్నాయి, ఒళ్లునొప్పులకు రోజూ 2, 3 డైక్లోఫెనాక్ బిళ్లలు వేసుకుంటున్నాను. మరీ ఎక్కువైతే సూది వేయించుకుంటాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. రెండుసార్లు మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది, వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగాను. ప్రోగ్రామ్ అయ్యాక చెవిలో గుయ్‌మంటుంది. గొంతు త్వరగా బాగవడానికి మంచి సిరప్ ఏదైనా చెప్పగలరు. – ఒక పాఠకుడు

జవాబు: మీరు సిరప్ అడిగారు. నన్ను ఆపింది మాత్రం ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన మూత్రం రంగు. ఎండలో బరువులు మోసేవారికి, అందులోనూ రోజూ నొప్పి బిళ్లలు మింగేవారికి మూత్రం డికాక్షన్‌లా వచ్చిందంటే దాన్ని ‘వేడి చేయడం’ ఖాతాలో వేయడానికి లేదు. ఒంట్లో నీరు బాగా తగ్గి మూత్రం చిక్కబడి ఉండొచ్చు. అదే అయితే సరిపడా నీళ్లు తాగిన కొన్ని గంటల్లో పలచబడుతుంది. లేదా ఎండకూ శ్రమకూ కండరాలు దెబ్బతిని, వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడి ఉండొచ్చు. ఇది ప్రమాదకరం, కిడ్నీలు ఒకటి రెండు రోజుల్లోనే దెబ్బతినవచ్చు. లివర్ వల్ల కూడా మూత్రం ముదురు రంగులో వస్తుంది కాబట్టి కళ్లు పచ్చబడ్డాయేమో కూడా చూసుకోండి. ఇందులో మీది ఏదో ఉత్తరం చదివి చెప్పడం కుదరదు, పరీక్షే తేల్చాలి.

ఎక్కడ ప్రోగ్రామ్ ఉన్నా సరే, రేపు ఉదయమే ఒక ఫిజీషియన్‌ను కలిసి సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం, సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగేది), లివర్ పరీక్ష, షుగర్, పూర్తి మూత్ర పరీక్ష చేయించుకోండి. మూత్ర పరీక్షలో స్ట్రిప్ మీద రక్తం ఉన్నట్టు చూపించి, మైక్రోస్కోపులో ఎర్ర కణాలు కనిపించకపోతే కండరాల మీద అనుమానం బలపడుతుంది. ల్యాబ్‌లో ఈ ముక్క ఎవరూ విడమరిచి చెప్పరు కాబట్టి రిపోర్టు డాక్టర్ చేతిలోనే పెట్టండి. ఈలోగా మళ్లీ ఆ రంగులో వచ్చినా, మూత్రం బాగా తగ్గిపోయినా, తొడలు గానీ పిక్కలు గానీ వాచి పట్టు తప్పినా, వాంతులు మొదలైనా, గుండె దడగా ఉన్నా తెల్లారేదాకా ఆగవద్దు. ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

ఇక నొప్పి బిళ్లలు. కిడ్నీలోని ప్రతి వడపోత గుత్తికీ రక్తం తెచ్చే సన్న గొట్టం ఒకటి, తీసుకెళ్లేది ఒకటి ఉంటాయి. మీ బీపీ మాత్రలోని టెల్మిసార్టాన్ బయటికి వెళ్లే గొట్టాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని, ఉప్పును మూత్రంలో పంపించేస్తుంది. మామూలు రోజుల్లో ఈ రెండూ కలిసి చక్కగా బీపీని అదుపు చేస్తాయి, వాటిలో తప్పేమీ లేదు. డైక్లోఫెనాక్ వచ్చి లోపలికి తెచ్చే గొట్టాన్ని బిగిస్తుంది. రావలసిన రక్తం రాదు, వచ్చింది నిలవదు, అసలు ఒంట్లో నీరే తక్కువ. దీనికి తోడు మిట్టమధ్యాహ్నం రెండింటికి వ్యాన్ మీంచి బాక్సులు దించితే వడపోత ఒక్కసారిగా పడిపోవచ్చు. 50 మిల్లీగ్రాముల బిళ్లలు 3 వేసుకుంటే ఆ రోజుకు పరిమితి అయిపోయినట్టే. దాని మీద సూది అంటే మరో 75 మిల్లీగ్రాములు. సూదికి, బిళ్లకు సంబంధం లేదని చాలామంది అనుకుంటారు. మందు ఒకటే అండీ, దారే వేరు.

అందుకే నొప్పి బిళ్ల ఈరోజే ఆపండి. షాపులో పేరు మార్చి ఇంకోటి ఇస్తారు. అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, మెఫినమిక్ యాసిడ్, ఇవన్నీ ఆ గుంపులోవే. పట్టీ వెనక అక్షరాలు చదవండి. తప్పనిసరైతే పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు, కనీసం 6 గంటల ఎడంతో, రోజుకు 3 దాటకుండా. లివర్ జబ్బు ఉన్నా, రోజూ మందు తాగే అలవాటు ఉన్నా అది కూడా డాక్టర్‌ను అడిగాకే. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు మానకండి. పరీక్షలు చూశాక దాన్ని కొన్నాళ్లు ఆపాలో, మార్చాలో డాక్టర్ చెబుతారు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజైతే ఆ మాత్ర వేసుకునే ముందే ఫోన్ చేసి అడగండి.

అతిమధురం మూలికే కదా అనుకోవద్దు. అందులోని గ్లిసరైజిన్ ఒంట్లో ఉప్పును నిలబెట్టి బీపీ పెంచుతుంది, పొటాషియాన్ని మూత్రంలో పోగొడుతుంది. మీ బీపీ మాత్రలో నీటిని పంపించే మందు హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా పొటాషియం తగ్గించేదే. పొటాషియం బాగా పడిపోతే పిక్కలు పట్టేస్తాయి, కండరాలు నీరసిస్తాయి, గుండె లయ తప్పవచ్చు. మీ పిక్కల నొప్పికి ఎండ ఒక్కటే కారణం కాకపోవచ్చని నా అనుమానం. ఇంకోవైపు టెల్మిసార్టాన్, నొప్పి బిళ్ల, కిడ్నీ దెబ్బ, ఈ మూడూ పొటాషియం పెంచుతాయి. మీలో ఎటు మొగ్గిందో తెలియదు. కాబట్టి అతిమధురం మానేయండి, రిపోర్టు వచ్చేదాకా కొబ్బరి బోండాలు కూడా ఆపండి, వాటిలో పొటాషియం ఎక్కువ. బుగ్గన పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలంటే పటికబెల్లం ముక్క చాలు, అదీ షుగర్ లేదని తేలాక.

ఆ చిన్న తెల్ల బిళ్ల పేరు రాయలేదు. వేసుకున్న పూటకు గొంతు తేలికపడటం, నిద్ర పట్టకపోవడం చూస్తే స్టెరాయిడ్ అనిపిస్తోంది. బెటామెథసోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్‌లలో ఏదైనా పట్టీ మీద ఉందేమో చూడండి. అది స్వరతంత్రుల వాపును తాత్కాలికంగా తగ్గిస్తుంది. మీరు ఆ గాయం మీదే 3 గంటలు పాడతారు. బీపీ, షుగర్ పెరుగుతాయి. నొప్పి బిళ్లతో కలిస్తే కడుపులో పుండు పడి రక్తస్రావం కావచ్చు, విరేచనం తారులా నల్లగా వస్తే అదే సూచన. ఒక జాగ్రత్త: 3 వారాలకు మించి దాదాపు రోజూ వేసుకుని ఉంటే ఒక్కసారిగా ఆపకండి. శరీరం సొంతంగా ఆ హార్మోన్ తయారుచేయడం తగ్గించి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని వేసుకున్నారో కాగితం మీద రాసుకుని వెళ్లండి. చీటీ లేకుండా ఇలాంటి బిళ్ల చేతిలో పెట్టే షాపుది తప్పే. అదేమిటని అడగకుండా మింగడం మీ తప్పు.

గొంతు గురించి. బొంగురు 3, 4 వారాలు దాటితే ఏ సిరప్ రాయాలన్నా ముందు ఈఎన్‌టీ డాక్టర్ సన్నటి కెమెరాతో స్వరతంత్రులను చూడాలి. ఎక్కువ పాడేవారిలో బొబ్బలు, గట్టిపడిన కణుపులు, చిన్న రక్తస్రావం కనిపిస్తాయి. పొగాకు అలవాటుంటే ఇంకా పెద్ద జబ్బు లేదని కూడా నిర్ధారించుకోవాలి. నొప్పి బిళ్లలు రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి కాబట్టి గట్టిగా పైస్థాయి అందుకున్నప్పుడు తంత్రిలో రక్తం చిమ్మే అవకాశం పెరుగుతుంది. పాట మధ్యలో గొంతు తటాలున పోయిందంటే అక్కడే ఆపేయాలి, మాట కూడా వద్దు, మర్నాడే ఈఎన్‌టీ. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి అనుకుంటారు, అది తంత్రులను ఇంకా బిగిస్తుంది.

కెమెరా పరీక్ష అయ్యేదాకా పాడకపోవడమే మేలు, కీబోర్డు వాయించండి. తర్వాత డాక్టర్ ఒప్పుకుంటే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్‌తో శ్రుతి ఒకటి రెండు మెట్లు దించి పాడండి, వినేవారికి పెద్దగా తేడా తెలియదు. మానిటర్ బాక్సు మీ చెవి వైపు తిప్పించి అందులో మీ గొంతు పెంచమనండి, మన గొంతు మనకు వినపడకపోతేనే తెలియకుండా అరుస్తాం. ఆవిరికి వట్టి వేడినీళ్లు చాలు, బామ్‌లు, కర్పూరం వేయవద్దు. ఇక రాత్రి రెండింటికి ప్రోగ్రామ్ ముగించి బిర్యానీ తిని వ్యాన్‌లో ఒరిగిపోతే పుల్లటి ఆమ్లం గొంతు దాకా ఎగదన్నుతుంది. భోజనం పాటకు ముందే సాయంత్రం ఆరు, ఏడింటికి ముగించి, తర్వాత ఆకలైతే రెండు ఇడ్లీలో, పెరుగన్నమో కొద్దిగా తినండి.

ఎండలో పని గురించి నాలుగు మాటలు. పందిరి వాళ్లతో ముందే మాట్లాడి బాక్సులు దించడం, కట్టడం పొద్దున తొమ్మిదిలోపో, సాయంత్రం నాలుగున్నర తర్వాతో పెట్టుకోండి. కిడ్నీ రిపోర్టు బాగుందని తేలాక, ఎండలో పనిచేసేటప్పుడు ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే దాదాపు 200 మిల్లీలీటర్లు తాగాలి. ఒక్కసారి లీటరు దించేయడం కాదు. గంటలకొద్దీ చెమట పడితే వట్టి నీళ్లే పోస్తూ ఉంటే సోడియం పడిపోతుంది, మధ్యలో ఓఆర్ఎస్ కావాలి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. సగం గ్లాసులో సగం ప్యాకెట్ కలిపితే అది మందు కాదు. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పట్టుబట్టగా, ఆ ఫార్ములాకు సరిపడని తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. బీపీ ఉంది కాబట్టి చెమటోడ్చిన రోజే ఓఆర్ఎస్, రోజూ కాదు. మిగతా రోజుల్లో పలచటి మజ్జిగ చాలు.

మీ బృందంలో ఎవరైనా ఎండలో పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, పడిపోయినా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోందని ధైర్యపడొద్దు, పనిలో వడదెబ్బ తగిలినవారికి చెమట కారుతూనే ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా నీడకు చేర్చి, చొక్కా విప్పి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. పారాసెటమాల్ దీనికి పనిచేయదు. ఇంకోటి, జనరేటర్ పక్కన నిలిపిన వ్యాన్‌లో ఎవరూ పడుకోకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అద్దాలు మూసినా లోపలికి చేరుతుంది.

చెవిలో గుయ్‌మనడం అంటే లోపలి కణాలు అలిసిపోయాయని అర్థం. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చనుకుంటే, శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. దూది ఉండలు పనికిరావు. ఫోమ్ ప్లగ్ అయితే సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా 20, 30 సెకన్లు వేలితో పట్టుకోవాలి. శ్రుతి తెలియాలంటే సంగీత కళాకారుల కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్స్ కొనుక్కోండి. ఈఎన్‌టీకి ఎలాగూ వెళ్తున్నారు, ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష కూడా అడగండి. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే గులిమి అనుకుని నూనె చుక్కలు వేస్తూ కూర్చోకండి, అదే రోజు చూపించుకోవాలి, ఆలస్యమైతే వినికిడి తిరిగి రాకపోవచ్చు.

ఇదంతా మీరు రాసిన దాన్ని బట్టి చెప్పింది, మిమ్మల్ని చూసిన డాక్టర్ మాటే ఖాయం. క్రియాటినిన్, పొటాషియం, సీపీకే ఎంత వచ్చాయో, ఆ తెల్ల బిళ్ల పట్టీ మీద ఏ పేరుందో, పొగ, మందు అలవాట్లు ఉన్నాయో లేవో మళ్లీ రాయండి.