ఆ సమాధి మీద రాట్నం ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది. పోయిన వేసవిలో మేమిద్దరం అక్కడే ఉన్నాం. ఒక శనివారం పొద్దున వాకింగ్‌కు పోతే, పాత చర్చి వెనక సమాధుల దగ్గర మూడు మూలల టోపీలు, నీలం కోట్లు వేసుకున్న పెద్దమనుషులు గాల్లోకి తుపాకులు పేలుస్తున్నారు. సినిమా షూటింగేమో అనుకున్నాం. అంతా అయ్యాక దగ్గరికి పోయి చూస్తే, రాయి పక్కన కొత్తగా పెట్టిన కంచు బిళ్ల మీద రాట్నం! గాంధీగారిదే అని మావారి వాదన. ఇంతకీ ఎవరు వాళ్లు?
– ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ

జవాబు: మీవారికి సగం మార్కులు వెయ్యండి టీచరమ్మా. అది గాంధీగారిది కాదు, ఆయన రాట్నం పట్టకముందే వాళ్లు పెట్టుకున్న గుర్తు. కానీ వరస కలుస్తుంది. బ్రిటిష్ బట్ట కొనం, మా బట్ట మేమే నేసుకుంటాం అని 1760ల చివర్లో అక్కడి ఆడవాళ్లు గుంపులుగా కూర్చుని నూలు వడికారు. మీరు చూసిన బిళ్ల 'డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్' అనే సంఘానిది, 1890 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో పుట్టింది. ఈసారి పోతే ఆ చక్రానికి ఆకులు, అంటే చువ్వలు, లెక్కపెట్టండి, 13 ఉంటాయి, అప్పట్లో బ్రిటన్ మీద తిరగబడ్డ అమెరికా వలస రాజ్యాలు 13 కాబట్టి. టోపీల పెద్దమనుషులు బహుశా అంతకు ఏడాది ముందు, 1889లో మొదలైన మగవాళ్ల సంఘం 'సన్స్' వాళ్లు అయి ఉంటారు.

1775 నుంచి 1783 దాకా బ్రిటన్ మీద జరిగిన అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో తమ పూర్వీకుడో పూర్వీకురాలో పాలుపంచుకున్నట్టు చూపించగలిగినవాళ్లకే ఈ సంఘాల్లో చోటు. 'మా ముత్తాత కొట్లాడిండట' అంటే చెల్లదు. మీ నుంచి మీ అమ్మకు, ఆమె నుంచి వాళ్ల నాయనకు, అట్లా ఒక్కో తరానికీ కాగితం పెట్టుకుంటూ వెనక్కి పోవాలి. ఇంటిపేరుతో పని లేదు, కూతురి కూతురి కూతురైనా సరే. ఈ ముక్క నాకు నచ్చింది, ఎందుకంటే మన వంశవృక్షాల్లో ఆడపిల్ల పెళ్లితో కొమ్మ తెగిపోతుంది.

కాగితాలు వాళ్లకూ సులువుగా దొరకవు. 1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు, 1800లో యుద్ధశాఖ ఆఫీసు తగలబడి సైన్యం రికార్డులు బూడిదయ్యాయి. ఆ తర్వాత పెన్షన్ కోసం అర్జీ పెట్టుకున్న సైనికుల భార్యలు కొందరు, పెళ్లిళ్లు, పుట్టుకలు రాసుకున్న ఇంటి బైబిల్ పేజీలనే చింపి దరఖాస్తుకు జతచేసి పంపారు. ఆ చిరిగిన పేజీలు ఇప్పటికీ ఫైళ్లలో ఉన్నాయి, వాటిని పట్టుకునే ఇప్పటివాళ్లు తమ లైను తేల్చుకుంటున్నారు.

మీరు చూసింది సమాధికి గుర్తు పెట్టే కార్యక్రమం. జెండాలు తెస్తారు, ప్రార్థన చేస్తారు, ఆ మనిషి ఎవరు, ఏం చేశాడు అన్నది చదువుతారు, వారసులు వచ్చి దండ పెడతారు, తుపాకులు పేలుస్తారు. ఇప్పటి మాజీ సైనికులకూ, వియత్నాం యుద్ధానికి పోయి వచ్చినవాళ్లకూ ఈ సంఘాలు సన్మానాలు చేస్తుంటాయి. మీ అమ్మాయికి పౌరసత్వం వచ్చే రోజు ప్రమాణం చేశాక ఎవరైనా పెద్దావిడ చేతిలో చిన్న జెండా పెడితే, ఆమె కోటు మీద బ్యాడ్జీ చూడండి, రాట్నమే ఉండొచ్చు.

ఇంకోటి చెప్పి వదిలేస్తాను. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికావాళ్ల చేతిలో ఓడిపోయిన బ్రిటిష్ జనరల్ కారన్‌వాలిస్సే 1786లో గవర్నర్ జనరల్‌గా మన నెత్తిన కూర్చున్నాడు. అక్కడ ఓడి, ఇక్కడ టిప్పు మీద గెలిచి, చివరికి ఘాజీపూర్‌లో చనిపోయాడు. సమాధి అక్కడే ఉంది.

ప్రశ్న: మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు లేదా ఇదంతా?
– డిగ్రీ విద్యార్థి, పరకాల

జవాబు: ఉంది బాబూ, కాదనను. 1939లో ఇదే డాటర్స్ సంఘం, నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు తమ హాలు ఇవ్వలేదు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ సభ్యత్వం వదులుకుంది. ఏప్రిల్ 9న, ఈస్టర్ నాడు, ఆండర్సన్ లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి పాడితే 75,000 మంది విన్నారు. ఆ యుద్ధంలో నల్లవాళ్లూ పోరాడారు, అయినా ఒక నల్లజాతి మహిళను బాహాటంగా సభ్యురాలిగా చేర్చుకునేసరికి 1977 వచ్చింది.

అయితే పూర్వీకుల లెక్క చెప్పుకోవడమే తప్పంటే ఒప్పుకోను. మేడారం అంత దగ్గరుంది కదా, కోయ డోలి కళాకారుల్ని ఒకసారి వినండి. గొట్టుగొట్టుకూ, అంటే ఒక్కో వంశానికీ, బొమ్మలు కుట్టిన గుడ్డ జెండా, పడిగె, ఉంటుంది, దాన్ని పట్టుకుని కాకతీయులతో కొట్లాడిన సమ్మక్క సారలమ్మల దాకా కథ పాడతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య అట్లా పాడినవారే. వాళ్ల దగ్గర కాగితం లేదు, గొంతే రికార్డు.

ప్రశ్న: మా నాయనమ్మ తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో దళాలకు సద్ది మోసిందని ఇంట్లో చెప్తారు. జైలుకు పోలేదు, పెన్షన్ రాలేదు. ఏటా జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య స్తూపం దగ్గరికి పోతాం, అక్కడ ఆమె పేరు ఎవరూ తియ్యరు. ఆమెను యోధురాలు అనొచ్చా?
– ఒక పాఠకుడు, దేవరుప్పుల

జవాబు: పైన చెప్పిన అమెరికా సంఘాల కొలతతో కొలిస్తే ఏ అనుమానం లేకుండా అనొచ్చు. తుపాకీ పట్టినవాళ్లే కాదు, సైన్యానికి ధాన్యం, పశువులు ఇచ్చినవాళ్లు, యుద్ధం ఖర్చుకు పన్ను కట్టినవాళ్లు, కొత్త ప్రభుత్వానికి విధేయులమని సంతకం పెట్టినవాళ్లు కూడా వాళ్ల లెక్కలో దేశభక్తులే. మన కొలత వేరు. కేంద్రం ఇచ్చే సమరయోధుల పెన్షన్‌కు ప్రధానంగా జైలో అజ్ఞాతవాసమో 6 నెలలు చూపించాలి, ఆడవాళ్లకైతే జైలు 3 నెలలు చాలు. గంపలో జొన్నరొట్టెలు పెట్టుకుని చీకట్లో చేను గట్టు దాటిన మనిషికి ఏ జైలరు సర్టిఫికెట్ ఇస్తాడు?

ఆ రోజుల గురించి మా మేనత్తను అడిగినప్పుడు మొదట 'నాకేం ఎర్క బిడ్డా, నేను చిన్నపిల్లను' అని తేల్చేసింది. రొట్టెలు ఎన్ని చేసేవాళ్లు అత్తమ్మా అని మళ్లీ అడిగాను. అప్పుడు మొదలైంది. గంప అడుగున రొట్టెలు, మీద పిడకలు, రజాకార్లు ఆపితే 'పొయిలకు' అని చెప్పాలని వాళ్లమ్మ నేర్పిందట. గంటసేపు మాట్లాడింది, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయి సగమే రికార్డు అయ్యింది. ఆ సగం గురించి నేను ఇప్పటికీ తిట్టుకుంటుంటాను.

కాబట్టి మీ నాయనమ్మ ఈడువాళ్లు ఊళ్లో ఇంకా ఉంటే ఇద్దరు ముగ్గుర్ని ఒకచోట కూర్చోబెట్టి అడగండి, ఒకరు మరిచింది ఇంకొకరు అందుకుంటారు. పోరాటం అని మొదలుపెట్టకండి, వంట నుంచి మొదలుపెట్టండి. ఏ బావి దగ్గర ఇచ్చేది, ఎవరి చేను, దళంలో ఎవరిని ఏ పేరుతో పిలిచేది, 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చిన పోలీసు యాక్షన్‌కు ముందా, తర్వాతా, ఇవన్నీ రాసుకోండి. ఆమె తల్లిగారి ఊరు, పెళ్లికి ముందు ఇంటిపేరు తప్పకుండా రాయండి, అవే ముందు పోతాయి. మీ తాత పేరు 1954-55 నాటి భూమి రికార్డు కాస్రా పహాణీలో ఉంటే నకలు తీసిపెట్టుకోండి, ఆ చేను ఆ రోజుల్లో ఎవరిదో తేలితే కథకు ఒక సర్వే నంబర్ దొరుకుతుంది. నిజాం కాలం కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి కానీ చాలావరకు ఉర్దూ, ఫార్సీ, చదివిపెట్టే మనిషిని వెంట తీసుకుపోవాలి.

వచ్చే జులై 4న స్తూపం దగ్గర మైకు మీ చేతికి వస్తే, రాసుకున్నదాంట్లోంచి ఒక్క పేజీ చదవండి. రొట్టెల లెక్కతో సహా.