వినికిడి యంత్రం కొన్నానంటే పరామర్శకి ఫోన్లొచ్చాయట

సందేహం: మాస్టారూ, పాటలు వినడానికే పనికొచ్చే చిన్న ప్లేయర్ ఒకటి కొన్నాను. ఫోన్ కాదు, సిమ్ ఉండదు, పాటని మంచి నాణ్యతతో వినిపించడమొక్కటే దాని పని. ఆ సంతోషంలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో 'మంచి వినికిడి యంత్రం కొన్నాను' అని పెట్టాను. పది నిమిషాల్లో కందుకూరు నుంచి మా మేనమామ ఫోన్ చేసి 'ఏంది అబ్బయ్యా, చెవులకేమైంది, నెల్లూరులో చూపించుకున్నావా లేదా' అని ఒకటే టెన్షన్. వినికిడి అంటే వినడమే కదా, నేను రాసినదాంట్లో తప్పేముంది? తప్పయితే దాన్ని తెలుగులో ఏమనాలి? ఇంకొకటి, 'వినసొంపు'లో 'విన' ఎందుకొచ్చింది, 'వినుసొంపు' అనకూడదా? (కావలి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ మేనమామ తప్పేమీ లేదు. మీ తప్పుందా అంటే, అది చెప్పడానికి నేను కాస్త చుట్టు తిరిగి రావాలి, ఓపిక పట్టండి. ముందు చిన్నది తేల్చేస్తాను. వినన్ + సొంపు, వినడానికి సొంపైనది. చూడచక్కని అంటాం గానీ చూచుచక్కని అనం కదా, అట్టాగే ఇదీ. వినుసొంపు అని రాసేవాళ్లు కనబడుతున్నారు, రాయకండి.

ఇక వినికిడి. అలికిడి, తాకిడి, ఒత్తిడి ఎట్టా పుట్టాయో ఇదీ అట్టాగే పుట్టిన మాట. అర్థం వినడమే, మీరన్నది నిజమే. దీనికి వినికి, వినుకలి అని తోబుట్టువులు కూడా ఉండేవి. ఉనికి బతికింది, మనికి కొన ఊపిరితో ఉంది, పాపం వినికి మాత్రం నిఘంటువుల్లోకి వెళ్లి కూర్చుంది. మిగిలిన వినికిడిని ఇద్దరు పంచుకున్నారు. 'రాజీనామా చేస్తారని వినికిడి' అని పుకారు కింద పేపర్ల వాళ్లు సగం పట్టుకుపోయారు, 'వినికిడి తగ్గింది, వినికిడి పరీక్ష, వినికిడి యంత్రం' అని చెవి డాక్టర్లు మిగతా సగం తీసుకున్నారు. పాటకి వాటా లేకుండా పోయింది.

వ్యాకరణం చూస్తే మీ సమాసంలో వంకపెట్టడానికేమీ లేదు. వినికిడి కోసం యంత్రం, వినికిడి యంత్రం. డాక్టరు ఇచ్చేదానికీ మీరు కొన్నదానికీ విగ్రహవాక్యం ఒకటే. కానీ నేను ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినవాణ్ణి. మూడేళ్లుగా నా ఎడమ చెవికి డాక్టరు యంత్రం ఉంది. మొన్న సంక్రాంతికి మా మనవడు మీరు చెప్పేలాంటి ప్లేయరే తెచ్చాడు, పేకముక్కల కట్టంత ఉంది, బరువు మాత్రం దానికి రెట్టింపు. 'తాతా, నీ మిషన్ తీసి పక్కన పెట్టు, ఇది విను' అన్నాడు. తీసి గుప్పిట్లో పట్టుకున్నానా, అది కుయ్యిమని ఒకటే కూత. గుప్పిట్లో పెడితే అంతే, తన గొంతు తనకే వినబడి అరుస్తుంది. ఎందుకంటే దానికి మైకు ఉంది, అంటే చెవి ఉంది. అది ముందు తాను విని, ఆ తర్వాత నాకు వినిపిస్తుంది. మనవడి ప్లేయరుకి చెవి లేదు, నోరే. దాన్ని గుప్పిట్లో ఎంతసేపు పెట్టినా కిక్కురుమనదు. కాబట్టి 'వినికిడి' అనే మాట విననే వినని ఆ డబ్బాకి కాస్త వదులైన చొక్కా. ఇది వ్యాకరణ సూత్రం కాదు, నాకు తోచింది మాత్రమే.

అసలు నాకు ఇష్టమైన మాట విను కాదు, వీను. వీను అంటే చెవి. కను అనే క్రియ పక్కన కన్ను ఉన్నట్టు విను పక్కన వీను ఉంది, చూసేది కన్ను, వినేది వీను. కన్ను నేటికీ అందరి నోటా ఉంది, వీను ఒంటరిగా వాడేవాడే లేడు, 'వీనులవిందు'లో మాత్రం ఇరుక్కుని బతుకుతోంది. తడ, సూళ్లూరుపేట దాటితే ఇంకో తమాషా. తమిళంలో వినవు అంటే అడగడం. వాళ్ల కేళ్ అనే మాటకైతే వినడమూ అడగడమూ రెండర్థాలూ ఉన్నాయి, కన్నడం కేళుకీ అంతే. మనం మాత్రం అడగడానికి అడుగు అని వేరే మాట పెట్టుకుని, విను అనేదాన్ని అచ్చంగా చెవికే వదిలేశాం.

వీను అనేసరికి పోతన గుర్తు రాకుండా ఎట్టా ఉంటాడు. తిక్కన మనుమసిద్ధి కొలువులో ఉన్న ఊళ్లో ఉంటూ ఎప్పుడూ పోతన్నే పట్టుకు వేలాడతావేంటని నా స్నేహితులు దెప్పుతుంటారు, దెప్పనివ్వండి. ప్రహ్లాదుడు చెప్పే సీసం చిన్నప్పుడు బళ్లో అందరం అప్పజెప్పినదే, 'కమలాక్షు నర్చించు కరములు కరములు'. అందులోనే వస్తుంది 'విష్ణు నాకర్ణించు వీనులు వీనులు' అని. లాటానుప్రాస అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయాం. మాట ఒకటే, అర్థమూ ఒకటే, తాత్పర్యం మాత్రం మారింది. మొదటి వీనులు ఉత్త చెవులు, మనిషికి రెండు వేలాడుతుంటాయి చూడండి, అవి. రెండోవి చెవులు అనిపించుకోదగిన చెవులు. ఇంకో సొగసు చూడండి. ఆకర్ణించు అనే సంస్కృత క్రియ కడుపులో కర్ణం, అంటే చెవి, ముందే ఉంది. చెవిలో చెవి పెట్టి, పక్కనే తెలుగు చెవుల్ని రెండుసార్లు నిలబెట్టాడు, విష్ణులో వికీ వీనుల్లో వీకీ యతి కుదిరింది. ఇంత పని చేసి, ఏమీ చేయనివాడిలా 'మధువైరి దవిలిన' అంటూ తన దారిన తాను పోతాడు. తర్వాతి సీసంలో ఇంకా కోపంగా అంటాడు, వైకుంఠుణ్ణి పొగడని నోరు నోరేనా, 'ఢమఢమ ధ్వనితోడి ఢక్క గాక' అని. బస్సుల్లో వెనక సీటు కుర్రాడి హెడ్‌ఫోన్ లోంచి బయటికి కారే ఆ బేస్ విన్నప్పుడల్లా నాకు ఈ ఢక్క గుర్తొస్తుంది, పాట పోయి ఢమఢమ మిగిలింది.

రుక్మిణి సంగతి సరేసరి. కృష్ణుడికి బ్రాహ్మణుడి చేత పంపిన కబురులో 'ప్రాణేశ! నీ మంజు భాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమి యేల?' అని అడిగింది. ఇక్కడ వీనులు అనకుండా కర్ణరంధ్రాలు అన్నాడేం అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. కలిమిలో కకి యతి పడాలి కాబట్టి అని చెప్పి తప్పించుకోవచ్చు, నిజానికి నా జవాబు కూడా అదే. కానీ మనవడు ఆ రబ్బరు బుడిపెలున్న ఇయర్‌ఫోన్ నా చెవి లోపలికి మెలితిప్పి పెట్టినప్పుడు అనిపించింది, మంచి మాటలు వినకపోతే అవి చెవులు కూడా కావు, ఉత్త రంధ్రాలు అని ఆ పిల్ల అంటోందని. కలిమి అనే మాట చూశారా, ఉండటం అనీ, ఐశ్వర్యం అనీ. రెండు కన్నాలు ఉన్నంత మాత్రాన ఐశ్వర్యమా అని.

ఈ మాటల ఇంట్లోకి దొంగ చుట్టాలూ వస్తారు జాగ్రత్త. విన్నపం, విన్నవించు అనేవి విను నుంచి పుట్టలేదు, సంస్కృతం విజ్ఞాపన ప్రాకృతం మీదుగా అట్టా మారి వచ్చింది. వినువీధిలో విను అంటే ఆకాశం. పాటల కార్యక్రమానికి వినడానికొక వీధి అనుకుని ఆ పేరు పెట్టినవాళ్లని నేనెరుగుదును.

ఇక మీ డబ్బా. దాని గురించి నాకు తెలిసింది మనవడు చెప్పిందే, రెండు రోజులు వాడి ప్రాణం తీసి అడిగాను. సీడీలో ఒక సెకను పాటని 44,100 ముక్కలుగా కొలిచి అంకెలుగా రాస్తారు. ఎమ్‌పీ3 అనేది చెవి పట్టుకోలేదనుకున్న వాటిని పారేసి పాటని చిన్నది చేస్తుంది, ఫ్లాక్ ఏమీ పారేయకుండా మడతపెడుతుంది. ఆ అంకెల్ని మళ్లీ పాట చేసే చిప్పు ఫోన్లలోనూ ఉంటుంది గానీ, ఈ ప్లేయర్లలో దాన్నీ, దాని వెనక ఆంప్లిఫయర్‌నీ శ్రద్ధగా పెడతారట. బ్లూటూత్‌లో పంపితే దారిలో మళ్లీ కుదిస్తారు కాబట్టి వైరు పెట్టుకోవడమే వీళ్ల ఆచారం. మనవడు ఒక పాత పద్యం పెట్టాడు, రాగం ఎత్తుకునే ముందు ఆ గాయకుడు ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. నలభై ఏళ్లుగా ఆ పద్యం వింటున్నాను, ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు. అదే పాటని 96,000 ముక్కల్లో వింటే ఇంకా బాగుంటుందని వాడు వాదించాడు. పసిపిల్లల చెవికే 20,000 హెర్ట్జ్ దాటితే వినబడదు, 44,100 ముక్కలుంటే అందాకా సరిపోతుంది, ఈ మాటా వాడు చెప్పిందే. మరి పైదంతా ఎవరి కోసంరా అంటే నవ్వాడు. 'వినదగు నెవ్వరు చెప్పిన, వినినంతనె వేగపడక వివరింపదగున్' అని వాడికి సుమతి పద్యం అప్పజెప్పాను, డబ్బు పెట్టింది వాడు కాబట్టి అంతకంటే లాగలేదు.

కానీ ఆ డబ్బా అట్ట మీద తెలుగులో అచ్చేసిన వాక్యం చూసి మాత్రం ఊరుకోలేకపోయాను. 'అత్యుత్తమ వినికిడి అనుభూతిని అందిస్తుంది' అట. అనుభూతిని అందివ్వడమేంది, అదేమన్నా మంచినీళ్ల చెంబా? పాట బాగా వినబడుతుంది, చెవికి ఇంపుగా ఉంటుంది అంటే ఏం పోయింది? ఇంగ్లీషులో ఆలోచించి తెలుగు అక్షరాల్లో దించేవాళ్లు ఎక్కువయ్యారు, మీ 'వినికిడి యంత్రం' కూడా ఆ గాలి సోకిందేమోనని నా అనుమానం. కాదంటే సంతోషమే.

మరి ఏమనాలి? ప్లేయర్ అనండి, ఎవరూ కొట్టరు. పేర్లు పండితులు పెడితే నిలవవు, జనం నోట పడితే నిలుస్తాయి. 1979 జులైలో జపాన్‌లో వాక్‌మన్ వచ్చినప్పుడు అమెరికాకి సౌండ్‌అబౌట్ అనీ, ఇంగ్లండుకి స్టోఎవే అనీ వేరే పేర్లు పెట్టి పంపారు. ఆ పేర్లు ఇప్పుడెవరికి గుర్తున్నాయి, జనం వాక్‌మన్నే పట్టుకున్నారు. అట్టాగని పెట్టిన పేర్లన్నీ పోతాయనీ అనలేను, మన నెల్లూరులో టౌన్‌హాలుని పురమందిరం అంటే రిక్షావాళ్లు కూడా ఆ పేరుతోనే తీసుకెళ్లేవాళ్లు. మా నాయన రేడియోని పాటల పెట్టె అనేవాడు. మీది జేబులో పట్టే పాటల పెట్టె, నన్నడిగితే అదే బాగుంటుంది, బలవంతం లేదు. వినికిడి యంత్రమే కావాలనుకుంటే అది వ్యాకరణ విరుద్ధమని నేననను, కాకపోతే ప్రతిసారీ ఒక మేనమామకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

పాట పెట్టు, పాట వెయ్యి, రెండూ సరే. మా వైపు పెట్టే ఎక్కువ. మీ మామకి మాత్రం ఫోన్లో చెప్పకండి, కందుకూరు వెళ్లినప్పుడు ఆ బుడిపెలు ఆయన చెవిలో పెట్టి ఒక పాట వినిపించండి. వచ్చేవారం ఒంగోలు నుంచి వచ్చిన 'కాల్ చేయబడును' ఉత్తరానికి జవాబు రాస్తాను, అది చదివినప్పటి నుంచి నాకు బీపీ దిగలేదు.