పిల్లలు బడి విడిచాక కూడా క్రిస్మస్ కార్యక్రమానికి వెళ్ళవచ్చా?

మీ అమ్మాయి ఈ మార్చితో పదో తరగతి ముగించి బడి విడుస్తుందని, ఎల్‌కేజీ నుంచి ఇంటిల్లిపాదీ ఏటా చూస్తున్న క్రిస్మస్ కార్యక్రమానికి ఇకపైన కూడా వెళితే అక్కడివారు వింతగా చూస్తారేమోనని అడిగారు. తప్పకుండా వెళ్ళండి. మా అబ్బాయి ఒంగోలులో ఒక మిషన్ బడి విడిచి ఆరేళ్ళు దాటింది. మేము ఇప్పటికీ వెళుతున్నాము.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ మమకారం ఒక తరంతో వచ్చింది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులోనూ, 1866లో ఒంగోలులోనూ స్థిరపడిన తరువాత వెలసిన బడుల్లో అన్ని కులమతాల పిల్లలూ చదువుకున్నారు. మా మామగారు కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండే మనిషి. అయినా చిన్ననాడు, మా అబ్బాయి చదివిన బడిలోనే, తన తండ్రి కంబళి భుజాన వేసుకొని, గొర్రెల కాపరిగా వేదిక మీద నిలబడిన సంగతి ఏ డిసెంబరులోనూ చెప్పక మానరు. మా అబ్బాయికి నాలుగో తరగతిలో ఆ వేషమే వచ్చినప్పుడు, ట్రంకుపెట్టెలోంచి ఆ కంబళిని తీసి, రెండు రోజులు ఎండబెట్టి, తానే వాడి భుజాన వేశారు. మిషన్ బడులకు క్రిస్మస్‌కు విడిగా సెలవులిస్తారు కనుక, సెలవులకు ముందు జరిగే ఆ సాయంత్రమే మా ఇంటికి పండుగ మొదలు.

అయితే మేము చేసిన ఒక పొరపాటు మీరు చేయకండి. అబ్బాయి బడి విడిచిన మరుసటి ఏడు, అలవాటు కొద్దీ ముందు వరుసలోనే కూర్చున్నాము. మా వెనుక ఒక తల్లి చంటిబిడ్డను ఎత్తుకొని, దూత వేషం వేసిన పెద్దకూతురు కనిపించక మునివేళ్ళ మీద నిలబడి ఉండడం పాట సగమయ్యాక గాని నేను చూడలేదు. ఆ రోజు పడిన సిగ్గు ఇంకా గుర్తుంది. ముందు వరుసలు వేదిక మీదున్న బిడ్డల తల్లిదండ్రులవి. మనకు వెనుక చోటు చాలు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన ఏడు, మైదానం బురద ఆరక కార్యక్రమాన్ని వరండాలో జరిపి, చోటు చాలదని తల్లిదండ్రులను మాత్రమే రానిచ్చారు. అది న్యాయమే. మామగారు మాత్రం ఇంటికి రానన్నారు. గేటు బయట ఆటోలో గంటసేపు కూర్చొని, హార్మోనియం మీద వచ్చే పాత కీర్తనలు ఒక్కొక్కటే విన్నారు. తిరిగి వస్తూ, “ఈసారి తబలా బాగా పలికిందమ్మా” అని మాత్రమే అన్నారు. ఆ మాట విన్నాకనే మరుసటి నవంబరులో నేను ప్రధానోపాధ్యాయురాలి దగ్గరకు వెళ్ళి, చూడడానికి అనుమతి కాక, చేయడానికి ఏదైనా పని ఇవ్వమని అడిగాను.

మీరు కూడా నవంబరులోనే అలా అడగండి. అలంకరణ గదిలో చేతులు ఎప్పుడూ చాలవు. రెక్కలకు చమ్కీ అంటించాలి, చిన్నపిల్లలకు పిన్నులు గుచ్చుకోకుండా దుస్తులు సరిచేయాలి. మా ఇంట్లో ఆ పని నాది. కాపరుల తలపాగాలు చుట్టే పని మామగారిది. కంబళిని కూడా వెంట తీసుకువెళ్ళి, ఆ ఏడు ఎవరు పొడుగ్గా ఉంటే ఆ పిల్లవాడికి కప్పుతారు.