రొయ్య బతికే ఉంది కదా?

ప్రశ్న: మాది విశాఖ. హాల్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. 4 రోజుల క్రితం బ్లూ టాంగ్ చేపను తెచ్చి వదిలాం. నిన్న పొద్దున అదీ, రెండు డామ్సెల్ చేపలూ చచ్చి ఉన్నాయి. క్లౌన్ చేప గబగబా మొప్పలాడిస్తోంది. రొయ్య మాత్రం హుషారుగా తిరుగుతోంది. నీళ్లన్నీ పారబోసి మళ్లీ నింపేయనా?

జవాబు: వద్దమ్మా! ఒకప్పుడు నేనూ ఆ పనే చేసి, మిగిలిన ఒక్క చేపనూ చంపుకున్నాను. చచ్చినవాటిని తీసేయండి, ఎయిర్ పంపు పెట్టండి. చచ్చినవాటి నుంచి నీళ్లలో చేరే విషం అమ్మోనియా, కిట్‌తో కొలిస్తే అది సున్నా ఉండాలి. లేదంటే పావువంతు నీళ్లే మార్చండి. కొత్త నీళ్ల ఉప్పదనం, వెచ్చదనం తొట్టిలోవాటికి సరిపోవాలి.

మీ ఉత్తరంలో నాకు పనికొచ్చింది రొయ్య. దోమల మందు లాంటిది నీళ్లలో పడితే ముందు పోయేది సాధారణంగా అదే. అది బతికి చేపలే పోయాయంటే, కొత్త చేపతో వచ్చిన వెల్వెట్ జబ్బు (చేపల ఒంటిమీద బతికే సూక్ష్మ పరాన్నజీవి వల్ల వచ్చేది) మీద నా అనుమానం. గది చీకటి చేసి పక్కనుంచి టార్చి వేయండి. ఒంటిమీద బంగారు పొడి చల్లినట్టు ఉంటే అదే. కనిపించకపోయినా మొప్పల్లో ఉండొచ్చు.

క్లౌన్‌ను వేరే తొట్టిలోకి మార్చి, నీళ్లలో రాగి ఎంతుందో కిట్‌తో కొలుస్తూ రాగి మందు అక్కడే వాడండి. పెద్ద తొట్టిలో పోస్తే రొయ్యా దక్కదు. చేపలు దొరక్క ఆ పరాన్నజీవి చచ్చేలా అందులో 6 వారాలు చేపలు వేయకండి, రొయ్యకు మేత మాత్రం మానొద్దు.

అన్నట్టు, బ్లూ టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది. మీ తొట్టి దానికి ఇరుకు. అమ్మినవాళ్లు చెప్పాల్సింది.