ఫార్మ్‌డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ప్రాజెక్ట్‌కి తోటి విద్యార్థుల ఒత్తిడి మీద సర్వే తీసుకోవచ్చా?

మీ గైడ్ వార్డులో మందుల దుష్ప్రభావాల మీద ప్రాజెక్ట్ చేయమన్నారు. మీ గ్రూపేమో కాలేజీ విద్యార్థుల ఒత్తిడి మీద గూగుల్ ఫారం పంపితే తేలిగ్గా అయిపోతుందంటోంది. ఈ గొడవలో మీకు నిద్ర కూడా పట్టడం లేదన్నారు. ఫార్మ్‌డి చేసి ఇప్పుడు ఫార్మకోవిజిలెన్స్‌లో (మందుల దుష్ప్రభావాలను గమనించే పనిలో) ఉన్నాను కాబట్టి చెప్తున్నా: తేలిక అనుకుని మాత్రం సర్వే తీసుకోకండి.

మా బ్యాచ్‌లో ఒక గ్రూపు డిప్రెషన్, ఆందోళన, ఒత్తిడి ఎంతున్నాయో చూసే 21 ప్రశ్నల డాస్-21 ప్రశ్నావళితో ఇదే చేసింది. ఆ ప్రశ్నలన్నీ గడిచిన వారం గురించే. మా వాళ్లు ఫారం పంపిందేమో సరిగ్గా సెషనల్స్ (కాలేజీ ఇంటర్నల్ పరీక్షలు) ముందు. ఇక స్కోర్లు ఎలా వచ్చి ఉంటాయో ఊహించుకోండి. ఇంకో సంగతి, ఇందులో వచ్చిన స్కోరును రెండుతో గుణించాకే 42 ప్రశ్నల పూర్తి రూపానికున్న కటాఫ్‌లతో పోల్చాలి. గుణించడం మరిస్తే బాగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు కూడా నార్మల్‌లో పడిపోతారు. అయినా స్కోరు ఎక్కువొస్తే డిప్రెషన్ ఉన్నట్టేమీ కాదు, డాక్టర్ చూడాల్సిందే.

పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ లక్షణాల మీద తొమ్మిది ప్రశ్నల ఫారం) వాడితే ఇంకా జాగ్రత్త. చచ్చిపోతే బాగుండునని గానీ, తనకు తాను హాని చేసుకోవాలని గానీ ఆలోచనలు వస్తున్నాయా అని దాని చివరి ప్రశ్న అడుగుతుంది. పేరు లేని ఫారంలో ఎవరో ‘దాదాపు ప్రతిరోజూ’ అని టిక్ పెడితే ఏం చేస్తారు? పేరు అడిగితే చాలామంది నిజం రాయరు. ఎథిక్స్ కమిటీ అడిగే లోపే దీనికి జవాబు సిద్ధం చేసుకోవాలి. కనీసం ఫారంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 పెట్టండి. లెక్చరర్‌ని పక్కన నిలబెట్టి మాత్రం నింపించకండి, జూనియర్లు వద్దని ఎలా అంటారు?

మా గ్రూపు జనరల్ మెడిసిన్ వార్డులో యాంటీబయాటిక్స్ వల్ల వచ్చే ఏడీఆర్‌లు (దుష్ప్రభావాలు) తీసుకుంది. మొదట్లో కేస్ షీట్ అడిగితే ‘మీరు నర్సింగ్ స్టూడెంట్సా?’ అనేవారు (ఫార్మ్‌డి 2008 నుంచీ ఉన్నా ఈ ప్రశ్న తప్పదు). రౌండ్స్‌కి రోజూ వెళ్లాక సిస్టర్లే పిలిచి, ‘ఈయనకి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి, రాసుకుంటారా?’ అని చెప్పడం మొదలుపెట్టారు. దుష్ప్రభావం ఆ మందు వల్లే వచ్చిందా అని తేల్చే నరాంజో స్కేల్‌లో పది ప్రశ్నలుంటాయి, మొత్తం స్కోరు తొమ్మిదో అంతకంటే ఎక్కువో వస్తేనే ‘డెఫినిట్’. పడని మందును మళ్లీ ఇచ్చి చూడరు కదా, ఆ ప్రశ్నకు పాయింట్లు రావు, అందుకే మన కేసులు ఎక్కువగా ‘ప్రాబబుల్’, ‘పాసిబుల్’ దగ్గరే ఆగుతాయి. వైవాలో అడిగితే ధైర్యంగా ఇదే చెప్పండి. నింపిన ఫారాలు థీసిస్‌లో పెట్టి ఊరుకోకుండా మీకు దగ్గర్లోని ఏడీఆర్ మానిటరింగ్ సెంటర్‌కి ఇవ్వండి. అక్కడి నుంచి ఘజియాబాద్‌లోని జాతీయ కేంద్రానికీ, ఆపైన స్వీడన్‌లోని ఉప్సలాలో ఉన్న అంతర్జాతీయ డేటాబేస్‌కీ ఆ సమాచారం వెళ్తుంది. మార్కుల కన్నా నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

నిద్ర సంగతి ప్రాజెక్ట్ అయ్యాక చూద్దాంలే అనుకోకండి. మీ ఆసుపత్రిలోనే సైకియాట్రీ ఓపీ ఉంటే వెళ్లండి. తెలిసినవాళ్లు చూస్తారనుకుంటే 14416కి చేయండి, ఫ్రీ, రాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు. మందుల గురించి మనకు తెలుసు కదా అని ఆల్ప్రజోలామ్ లాంటి ఆందోళన, నిద్ర మందులు సొంతంగా మొదలుపెట్టకండి. ఈసారి గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు వార్డు ఏది, మందులు ఏవి, ఎన్ని నెలలు అని ఒక్క పేజీలో రాసుకుని వెళ్లండి. గైడ్ దాన్ని ఒప్పుకున్నాకే డేటా కలెక్షన్ ఫారం తయారుచేయండి.