ఒకే టేపు మీద ఇద్దరికి రెండు లెక్కలు: పగడపు దిబ్బల మీద చేపల్ని లెక్కపెట్టేటప్పుడు తేడా ఎక్కడ వస్తుంది

మీ ప్రశ్న ఇదీ: అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గర ఒకే దిబ్బ మీద, దిబ్బ మీద పరిచిన ఒకే 50 మీటర్ల కొలత టేపు వెంట మీరూ మీ బడ్డీ (జతగా దిగిన డైవర్) చేపల్ని లెక్కపెట్టారు. మీకు 412, ఆయనకు 260 వచ్చాయి. ఎవరిది తప్పు? సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డాక చేపలు తగ్గాయో లేదో ఈ లెక్కతో తేల్చొచ్చా?

మీరు పెట్టిన పట్టిక చూస్తే 412, 260 మధ్య తేడా అసలు సమస్యే కాదు. మీ 412లో 180 ఫ్యూసిలియర్లే. ఆయన 260లో అవి 12 మాత్రమే. వాటిని పక్కన పెడితే మీకు 232, ఆయనకు 248 మిగులుతాయి. అంటే ఇద్దరూ దాదాపు ఒకే లెక్క చెప్పారు. ఫ్యూసిలియర్లు దిబ్బ పైన గుంపులుగా తిరుగుతూ నీళ్ళలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్ తినే చేపలు. మీరు ఈదుతున్న నిమిషంలో గుంపు టేపు మీదుగా పోతే 180, మరో నిమిషంలో సున్నా. వాటిని ఎప్పుడూ విడిగా రాయండి, మొత్తంలో కలపొద్దు. గుంపుని లెక్కపెట్టేటప్పుడు 20 చేపలు ఎంత మేర ఆక్రమిస్తాయో ముందు కంటితో కొలుచుకుని, గుంపులో అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే సగంలో గుంపు వెళ్ళిపోతుంది.

అసలు తేడా పొడవు కాలమ్‌లో ఉంది. అవే 15 చిలకచేపల్ని (చాలామంది పారట్‌ఫిష్ అనే అంటారు) ఆయన 20 సెం.మీ. అని రాస్తే మీరు 27 సెం.మీ. అని రాశారు. 27ని 20తో భాగిస్తే 1.35. ఈ అంకె ఎక్కడిదో మాస్కు పెట్టుకున్న ఎవరికైనా తెలిసే ఉండాలి. మాస్కు అద్దం వెనక గాలి ఉండడం వల్ల నీళ్ళలో ఏదైనా మూడో వంతు పెద్దదిగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. ఆయన దాన్ని తగ్గించుకుని రాస్తున్నారు, మీరు కంటికి కనిపించింది కనిపించినట్టే రాస్తున్నారు. ఇది నా అనుమానమే, కానీ గట్టి అనుమానం.

ఇది చిన్న తేడా అనుకోకండి. చేప బరువుని పొడవు నుంచే లెక్కగడతారు: బరువు = ఎ × (పొడవు)^బి. పొడవు సెం.మీ.లో పెడితే బరువు గ్రాముల్లో వస్తుంది. ఒక్కో జాతికి ఎ, బి విలువలు ఫిష్‌బేస్‌లో (చేపల వివరాలుండే వెబ్‌సైటు) దొరుకుతాయి, బి సాధారణంగా 3కి దగ్గర్లో ఉంటుంది. లెక్క కోసం ఎ = 0.02, బి = 3 అనుకోండి. 20 సెం.మీ. చేప 160 గ్రాములు, 27 సెం.మీ. చేప 394 గ్రాములు. 15 చేపలకి ఆయన లెక్కలో 2.4 కిలోలు, మీ లెక్కలో 5.9. 250 చదరపు మీటర్ల (టేపు పొడవు 50, చూసిన వెడల్పు 5 మీటర్లు) నుంచి హెక్టారుకి మారిస్తే 96 కిలోలు, 236 కిలోలు. ఒకే దిబ్బ, ఒకే చేపలు! ఇంకో మెలిక కూడా ఉంది. ఫిష్‌బేస్ విలువ తోక కొస వరకు కొలిచిన పొడవుకా, తోక చీలిక వరకు కొలిచిన పొడవుకా అన్నది చూసుకోవాలి. తోక లోతుగా చీలిన ట్రెవల్లీల్లో ఈ తేడా బాగా దెబ్బ కొడుతుంది.

దీనికి మందు పీవీసీ పైపు. 8 నుంచి 60 సెం.మీ. దాకా రకరకాల పొడవుల్లో 30 ముక్కలు కోయండి. ప్రతి ముక్కకీ ఒక నంబరు వేసి, అసలు పొడవుని వేరే కాగితం మీద రాసుకోండి. వాటిని తాడుకి వరసగా కట్టి, బరువు వేసి, దిబ్బ మీద కాకుండా పక్కన ఇసుక మీద పరవండి. 3, 4 మీటర్ల దూరం నుంచి చూస్తూ స్లేటు మీద అంచనాలు రాయండి. పైకొచ్చాక సరిపోల్చుకోండి. తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉంటే మాస్కుదే పాపం, అటూ ఇటూ చెదిరితే అభ్యాసం చాలలేదని అర్థం. సర్వే మొదలయ్యే రోజు ఉదయం కూడా ఒకసారి చేయాలి. కన్ను వారం రోజుల్లో మొద్దుబారుతుంది.

ఇక టేపు పద్ధతి. టేపు ముందే పరిచి, వెనక్కొచ్చి లెక్క మొదలెట్టడం మీరు చేసిన రెండో పొరపాటు. పరిచేటప్పుడే గ్రూపర్లూ స్నాపర్లూ లాంటి పెద్ద చేపలు పక్కకి తప్పుకుంటాయి. ముందు ఒకరు లెక్కపెడుతూ వెళ్ళాలి, బడ్డీ వెనక టేపు వదులుతూ రావాలి. మొదటి విడతలో టేపుకి అటు 2.5, ఇటు 2.5 మీటర్ల వెడల్పులో పెద్దవి, తిరిగేవి మాత్రమే రాయండి: గ్రూపర్లు, స్నాపర్లు, చిలకచేపలు, సర్జన్‌ఫిష్‌లు. 50 మీటర్లకి 8 నుంచి 10 నిమిషాలు. తిరుగు దారిలో వెడల్పుని 2 మీటర్లకి కుదించి, చోటు వదలని డామ్సెల్‌ఫిష్‌ల లాంటి చిన్నవాటిని లెక్కపెట్టండి. ఆ తర్వాత టేపు చుట్టేముందు ప్రతి అర మీటరుకీ కింద ఏముందో (బతికిన పగడం, చచ్చిన పగడం, నాచు, ఇసుక) రాసుకుంటే 100 బిందువులు వస్తాయి, నేరుగా శాతమే. ఇది లేకుండా చేపల లెక్క మాత్రమే తెచ్చుకుంటే తర్వాత కారణం వెతకడానికి ఏమీ మిగలదు.

వెడల్పు విషయంలో కన్ను మోసం చేస్తుంది. 5 మీటర్లు అనుకుంటూ 6 మీటర్లు చూస్తే లెక్క 20 శాతం పెరిగినట్టే. దిగగానే చిన్న టేపుతో 2.5 మీటర్లు ఒకసారి అడ్డంగా కొలిచి, ఆ దూరం కంటికి పట్టించుకోండి. మీరు దాటేశాక వెనక నుంచి వచ్చి ముందుకి దూరిన చేపని రాయొద్దు. నెమ్మదిగా ఈదేవాడికి వేగంగా తిరిగే చేపలు ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తాయి, సొరచేపల లెక్కలు ఉబ్బేది ఇలాగే.

బుడగల సంగతి కూడా మర్చిపోవద్దు. బల్లెంతో చేపలు కొట్టే చోట చేపలు మనిషిని చూసి దూరం జరుగుతాయి. పసిఫిక్‌లోని గువాం దీవి దగ్గర బుడగలు రాని రీబ్రీదర్లతో (వదిలిన గాలినే శుభ్రం చేసి మళ్ళీ పీల్చుకునే పరికరాలు) పోల్చి చూస్తే, వేట ఎక్కువున్న చోట మామూలు స్కూబా లెక్క చేపల్ని బాగా తక్కువ చేసి చూపింది. కాబట్టి వాండూర్ మెరైన్ నేషనల్ పార్కు లోపలి లెక్కనీ బయటి లెక్కనీ పక్కపక్కన పెట్టినప్పుడు, తేడాలో కొంత భాగం చేపలది కాదు, వాటి భయానిది. (పార్కులో దిగాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.)

వేళ: దేశంలో చాలాచోట్ల 9 నుంచి 3 వరకు అంటారు. అండమాన్‌లో గడియారం మనదే గానీ సూర్యుడు మన కంటే ముందే లేచి ముందే పడుకుంటాడు, కాబట్టి అక్కడ 8 నుంచి 2 నయం. తెల్లవారుజామునా సాయంత్రమూ చేపలు మేత చోటికీ పడక చోటికీ మధ్య తిరుగుతుంటాయి, ఆ లెక్క మధ్యాహ్నపు లెక్కతో పోలదు. ప్రతిసారీ అదే పోటు, అదే లోతు చూసుకోండి. ఒక చోట ఒక్క టేపుతో సరిపెట్టొద్దు. కనీసం 4, వీలైతే 6, ఒక్కోదానికీ మధ్య 10 మీటర్ల ఖాళీ.

చిలకచేపల పేర్లతో జాగ్రత్త. ఒకే జాతిలో చిన్న దశలో గోధుమరంగుగా ఉన్నది పెద్ద మగదయ్యాక ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగుకి మారిపోతుంది. మీ పట్టికలో రెండు జాతులుగా ఉన్నవి ఒకటే కావచ్చు. నమ్మకం లేనప్పుడు ప్రజాతి వరకే రాసి ఆగండి.

పగడాలు తెల్లబడ్డాక చేపలు తగ్గాయా అన్నది ఒక్క ఏడాది లెక్కతో తేలదు. ముందు తగ్గేవి పగడపు పాలిప్‌లనే (పగడాన్ని కట్టే చిన్న జీవులు) తినే బటర్‌ఫ్లైఫిష్‌లు. చచ్చిన పగడం మీద నాచు పొర పెరిగితే, దాన్ని గీరి తినే చేపలు కొన్నాళ్ళు పెరిగినా పెరగొచ్చు. కొమ్మల పగడాల అస్థిపంజరాలు నిలబడి ఉన్నంతకాలం చిన్న చేపలకి దాక్కునే చోటు ఉంటుంది, అవి విరిగి ముక్కలైపోయాక అసలు దెబ్బ తెలుస్తుంది. దానికి కొన్నేళ్ళు పడుతుంది. సీషెల్స్‌లో 1994 నుంచీ చూస్తున్న 21 దిబ్బల్లో, 1998లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డాక 12 కోలుకున్నాయి, 9 నాచు దిబ్బలుగా మారిపోయాయి. మొదటి ఏడాది చేపల లెక్క ఒక్కటే చూసి ఏది ఎటు పోతుందో చెప్పడం కష్టం. అలాగే కొత్తగా చేరిన 3 సెం.మీ. లోపు పిల్లల్ని విడి కాలమ్‌లో పెట్టండి. ఒక మంచి నెలలో అవి కుప్పలుగా వచ్చి, దిబ్బ బాగుపడిందన్న భ్రమ కలిగిస్తాయి.

ఇప్పుడున్న పట్టికని పారేయక్కర్లేదు. చేపల సంఖ్య ఇద్దరిదీ వాడుకోవచ్చు, ఫ్యూసిలియర్లు తీసేసి. పొడవుని మాత్రం 1.33తో భాగించి సరిచేయబోకండి. ముందు పైపు ముక్కల పరీక్షలో మీ తప్పు నిజంగానే అంతా, ప్రతి పొడవుకీ ఒకే తీరులో ఉందా చూడండి. అలా ఉంటేనే సవరించండి, లేకపోతే ఈసారికి బరువు కాలమ్ ఖాళీగా వదిలేయండి.